కన్వెన్షన్ బల్ల మీద ట్యాంకు యుద్ధం: నాలుగు గంటల్లో ముగిసే ఆటను ఎలా కట్టాలి

ఎనిమిది మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికి నాలుగు ట్యాంకులు, చేతిలో నాలుగు గంటలు. వార్‌గేమింగ్ కన్వెన్షన్‌లో, అంటే బల్ల మీద బొమ్మలతో యుద్ధాలు ఆడేవాళ్లు కలిసే చోట, రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకు పోరు పెట్టేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన లెక్క ఇది. ఆటగాళ్లను కూర్చోబెట్టి నియమాలు చెప్పడానికి 15 నిమిషాలు, చివర్లో ఫలితం తేల్చి బల్ల ఖాళీ చేయడానికి ఇంకో 15 పోతే మిగిలేది 210 నిమిషాలు. ఒక్కో వంతులో 32 ట్యాంకుల్లో సగం, అంటే 16, కాల్పులు జరుపుతాయనుకుందాం. ఒక కాల్పు ఫలితం తేలడానికి రెండు నిమిషాలు పడితే కాల్పులకే 32 నిమిషాలు కావాలి. కదలికలకు, శత్రువును కనిపెట్టడానికి, ధైర్య పరీక్షకు (దెబ్బతిన్న జట్టు నిలబడుతుందా, వెనక్కి తగ్గుతుందా అని చూసేది) కలిపి మరో తొమ్మిది. వంతుకు 41 నిమిషాల చొప్పున రోజంతా ఆడినట్టు అనిపించినా జరిగేది ఐదు వంతులే. అదే కాల్పు 40 సెకన్లలో తేలితే వంతు 20 నిమిషాల్లో ముగుస్తుంది, ఆటలో పది వంతులు పడతాయి.

ఐదుకూ పదికీ మధ్య తేడా చిన్నది కాదు. వంతుకు 8 అంగుళాలు కదిలే ట్యాంకు ఐదు వంతుల్లో 40 అంగుళాలు పోగలదు, అదీ ఎక్కడా ఆగకుండా. చుట్టూ తిరిగి శత్రువు పక్కకు చేరడానికి ఆ దూరం చాలదు. పక్కకు చేరలేకపోతే ఎదురెదురుగా నిలబడి పాచికలు వేసుకోవడం తప్ప ఆటలో ఏమీ మిగలదు. ట్యాంకు ఆటలో ఆలోచించాల్సినదంతా కదలికలోనే ఉంటుంది. కాబట్టి నియమాలు రాసేటప్పుడు, ట్యాంకుల అంకెలుండే కార్డులు తయారుచేసేటప్పుడు, చెట్లు పెట్టేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఆటగాడికి ఒక నిర్ణయాన్ని ఇస్తోందా, లేక ఒక లెక్కను అంటగడుతోందా? లెక్క అయితే అది ఇంటి దగ్గరే పూర్తయిపోవాలి.

ఆ రెండు నిమిషాలు ఎక్కడ పోతాయో కూడా చూడాలి. దూరం కొలవాలి. ఫిరంగి పట్టిక వెతకాలి. కదులుతూ కాలిస్తే ఇంత, చాటు ఉంటే ఇంత అని కూడికలు తీసివేతలు చేయాలి. తగిలిందా అని ఒక పాచిక, ఎక్కడ తగిలిందని ఇంకొకటి. తర్వాత కవచం పట్టిక, కోణం, చీల్చిందా అని మరో పాచిక, ఏం పాడైందని ఇంకో పాచిక. వీటిలో ఆటగాడు నిజంగా నిర్ణయించేది ఎవరిని కాల్చాలన్నది మాత్రమే, అది మొదటి సెకనులోనే అయిపోయింది.

ఇంట్లో నడిచేది ఇక్కడ ఎందుకు నడవదు

ఏళ్ల తరబడి కలిసి ఆడే నలుగురికి పట్టికలు నోటికి వచ్చేసి ఉంటాయి. కన్వెన్షన్‌లో కూర్చునేవాళ్లు ఒకరికొకరు కొత్త. కొందరికి నియమాలు కొత్త, కొందరికి ఆ యుద్ధమే కొత్త. హాలులో పక్క బల్లల గోల మధ్య చెప్పిన మాట సగమే వినిపిస్తుంది.

కన్వెన్షన్ తీరును బట్టి కూడా ఆట మారాలి. అమెరికాలో హిస్టారికల్ మినియేచర్స్ గేమింగ్ సొసైటీ నడిపే హిస్టారికాన్ లాంటివి కొన్ని రోజుల పాటు సాగుతాయి. అక్కడ ముందే పేరు నమోదు చేసుకుని, కేటాయించిన గంటల స్లాట్‌లో ఆడతారు, నాలుగు గంటలన్నది మామూలు కొలత. బ్రిటన్‌లో లండన్ సెల్యూట్ లాంటివి ఒక్క రోజు ప్రదర్శనలు. అటుగా వెళ్తున్నవాళ్లు ఆగి అరగంటో గంటో ఆడి వెళ్లే ఆటలు అక్కడ ఎక్కువ. అరగంట ఆటలో ఒక్కొక్కరికి ఒక ట్యాంకు, నాలుగు నియమాలు, అంతే. ఈ వ్యాసం నాలుగు గంటల ఆట గురించి. దాన్ని కుదించి అరగంటది చేయాలంటే నియమాలు తగ్గించడం కన్నా ట్యాంకులు తగ్గించడమే మేలు.

స్కేల్: బొమ్మకు ఒకటి, నేలకు ఒకటి

1/100 స్కేల్‌లో సోవియట్ ట్యాంకు టీ-34 హల్ (ట్యాంకు ఒళ్లు) సుమారు 6 సెంటీమీటర్లు ఉంటుంది. అదే స్కేల్‌లో వెయ్యి మీటర్ల దూరం కావాలంటే బల్ల మీద 10 మీటర్లు కావాలి. 1/285 లాంటి చిన్న బొమ్మలకు కూడా మూడున్నర మీటర్లు కావాలి. అందుకే దాదాపు ప్రతి ఆటలోనూ బొమ్మ స్కేల్ వేరు, నేల స్కేల్ వేరు. అంగుళానికి 25 మీటర్లు అనుకుంటే ఆరడుగుల బల్ల 1,800 మీటర్లు అవుతుంది, వెయ్యి మీటర్లు 40 అంగుళాల్లో ఇముడుతుంది.

దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. ఆ నేల స్కేల్‌లో 6 సెంటీమీటర్ల బొమ్మ దాదాపు 60 మీటర్ల నేలను ఆక్రమిస్తుంది. అందుకే దూరాన్ని బొమ్మ ముందు అంచు నుంచా, ఫిరంగి కొన నుంచా, టరెట్ (పైన తిరిగే ఫిరంగి గూడు) నడిమి నుంచా కొలవాలో ముందే తేల్చాలి. టరెట్ నడిమి నుంచి టరెట్ నడిమికి అన్నది అన్నిటికన్నా నికరమైన పద్ధతి. ఫిరంగి కొన నుంచి కొలిస్తే పొడవాటి ఫిరంగి ఉన్న జర్మన్ ట్యాంకు పాంథర్‌కు ఉత్తపుణ్యానికి దూరం కలిసొస్తుంది. ఇళ్లు, అడవులు కూడా ఇలాగే సంకేతాలు. మూడిళ్లు పెడితే అది ఊరు, వాటి మధ్య సందులు లెక్కలోకి రావని ముందే చెప్పేయాలి.

ఏ స్కేల్ ఎంచుకోవాలి? దూరాల నిష్పత్తి పరంగా చూస్తే 1/285, 1/300 బొమ్మలే సరైనవి. కానీ బల్లకు ఒకటిన్నర మీటరు అవతల నిలబడిన కొత్త ఆటగాడికి ఆ సైజులో పాంథర్‌కూ పాంజర్ 4కూ తేడా తెలియదు. ఎనిమిది మంది ఆటకు 1/144 కానీ 1/100 కానీ కుదురుతుందన్నది మా అభిప్రాయం. 1/56లో జర్మన్ ట్యాంకు టైగర్ హల్ 11 సెంటీమీటర్లు దాటుతుంది. అది ఒక్కొక్కరికి ఒకే ట్యాంకు ఉండే ఆటలకు బాగుంటుంది, 32 ట్యాంకులు పెడితే బల్ల నిండిపోయి కదలడానికి చోటుండదు.

బల్ల వెడల్పు విషయంలో చేయి అందే దూరమే హద్దు. పెద్దవాళ్ల చేయి హాయిగా అందేది 75 సెంటీమీటర్ల వరకు. రెండు వైపులా ఆటగాళ్లు ఉన్నా ఐదడుగులు దాటితే నడిమి భాగం ఎవరికీ అందదు. వంగినప్పుడు చొక్కా చేతులు చెట్లను పడగొడతాయి. నాలుగడుగులు సుఖం.

కవచం, ఫిరంగి: లెక్క మొత్తం ఒక అంకెలోకి

ట్యాంకు ఆటల్లో అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. కవచం మందం ఒక్కటే చాలదు, వాలు కూడా చూడాలి. నిటారు గీత నుంచి ఎంత కోణంలో వాలిందో తీసుకుని, మందాన్ని ఆ కోణపు కొసైన్‌తో భాగిస్తే, అడ్డంగా వచ్చే గుండు దాటాల్సిన ఉక్కు ఎంతో వస్తుంది. టీ-34 ముందు పలక 45 మి.మీ., వాలు 60 డిగ్రీలు: 90 మి.మీ. అమెరికా ట్యాంకు షెర్మన్ తొలి రకాల ముందు పలక 51 మి.మీ., 56 డిగ్రీలు: 91. పాంథర్‌ది 80 మి.మీ., 55 డిగ్రీలు: దాదాపు 140. టైగర్‌ది 100 మి.మీ., దాదాపు నిటారు: 102 దగ్గర. బలహీనమని పేరుపడ్డ షెర్మన్, వాలు కవచానికి పేరుపడ్డ టీ-34 ఈ లెక్కలో ఒకే చోట ఉన్నాయి. పాంథర్ ముందు భాగం టైగర్ కన్నా గట్టిది. ఈ రెండు విషయాలూ చాలామంది ఆటగాళ్లను ఆశ్చర్యపరుస్తాయి, కాబట్టి కార్డు మీద అంకెలు తప్పు పడ్డాయేమోనని అడుగుతారు. సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి.

కొసైన్ లెక్క మొదటి మెట్టు మాత్రమే. గుండు వ్యాసం పలక మందాన్ని మించినకొద్దీ వాలు ఇచ్చే రక్షణ తగ్గుతుంది. 88 మి.మీ. గుండుకు 45 మి.మీ. పలక ఎంత వాలినా పెద్ద అడ్డంకి కాదు. పోతపోసిన టరెట్ ఉక్కు, సాగగొట్టిన పలక గుండును ఒకేలా ఆపవు. వీటన్నిటికీ ఆటలో విడివిడిగా నియమాలు రాస్తే అంతు ఉండదు. అంకె వేసేటప్పుడే ఒకటి ఇటో అటో సర్దాలి.

ఫిరంగుల పట్టికల్లో ఇంకో ఉచ్చు ఉంది. జర్మన్ పట్టికలు మామూలుగా 30 డిగ్రీలు వాలిన పలక మీద పరీక్షించిన అంకెలు ఇస్తాయి. టైగర్ 88 మి.మీ. ఫిరంగికి వెయ్యి మీటర్ల దగ్గర సుమారు 100 మి.మీ., పాంథర్ పొడవాటి 75 మి.మీ. ఫిరంగికి 111 మి.మీ. అని చెప్పేవి ఆ కోణంలోనివే. వేరే దేశపు పట్టికలో నిటారు పలక అంకె ఉంటే రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పైగా ఎన్ని గుండ్లలో ఎన్ని చీలిస్తే చీల్చినట్టు అన్న ప్రమాణం కూడా దేశదేశానికీ మారింది. వేర్వేరు చోట్ల నుంచి ఏరుకున్న అంకెలతో కార్డులు చేస్తే ఒక పక్షం తెలియకుండానే బలహీనపడుతుంది. ముందుగా అన్నిటినీ ఒకే కోణానికి మార్చుకోవాలి. 30 డిగ్రీల దగ్గర 100 అంటే నిటారు పలకకు సుమారు 115 అని.

ఇక కుదింపు. ప్రతి 10 మి.మీ.లకు ఒక పాయింటు అనుకుందాం. వెయ్యి మీటర్ల దగ్గర టైగర్ ఫిరంగి 11, టీ-34 ముందు కవచం 9. తేడా +2. సమానమైతే రెండు ఆరు ముఖాల పాచికల మీద 7 కానీ అంతకు మించి కానీ పడాలని నియమం పెడితే, ఇక్కడ 5 చాలు: 83 శాతం. తిరుగు కాల్పులో టీ-34 76 మి.మీ. ఫిరంగిని ఆ దూరానికి 6 అనుకుంటే, టైగర్ ముందు భాగం 10, తేడా -4, కావాల్సింది 11: 8 శాతం. ఇక్కడ రూపకర్త ఒక నిర్ణయం తీసుకోవాలి. ఎనిమిది శాతం అంటే పన్నెండు కాల్పులకు ఒక టైగర్ పోతుంది, కాబట్టి టీ-34 ఆటగాడు కదలడం మానేసి అక్కడే నిలబడి పాచికలు వేస్తాడు. తేడా -4 కానీ అంతకు తక్కువ కానీ ఉంటే చీలదని గట్టిగా రాసేస్తే అతను పక్కకు వెళ్లే దారి వెతుకుతాడు. టైగర్ పక్క కవచం 80 మి.మీ., అంటే 8. అయిదు వందల మీటర్లకు చేరితే ఫిరంగి 7, కావాల్సింది 8, అవకాశం 42 శాతం. ఆ ప్రయాణమే ఆట.

రెండు పాచికలతో ఒక ఇబ్బంది ఉంది. ఒక పాయింటు విలువ అన్ని చోట్లా ఒకటి కాదు. కావాల్సింది 7 నుంచి 6కి తగ్గితే అవకాశం 58 నుంచి 72 శాతానికి పెరుగుతుంది. 11 నుంచి 10కి తగ్గితే 8 నుంచి 17కి, అంటే రెట్టింపు. అలవాటైనవాళ్లకు ఇది తెలుసు, కొత్తవాళ్లకు తెలియదు. పది ముఖాల పాచిక ఒకటి వాడితే ప్రతి పాయింటూ పది శాతమే. "నీకు అరవై శాతం ఉంది" అని బల్ల దగ్గర నోటితో చెప్పగలగడం కన్వెన్షన్‌లో చాలా పెద్ద సౌకర్యం. మేము ఒంటి పాచిక వైపే మొగ్గుతాం.

తగిలిందా, చీల్చిందా అన్న రెండు పాచికలను వేర్వేరు రంగుల్లో ఇచ్చి ఒకేసారి వేయించాలి. తెల్లది గురికి, ఎర్రది కవచానికి. కాల్పుకు పది సెకన్లు మిగిలినా, వంతుకు 16 కాల్పులు, పది వంతులు అనుకుంటే 27 నిమిషాలు. అంటే ఒక వంతు అదనంగా దక్కినట్టే.

ఆఖరి మెట్టు కార్డు. యుద్ధంలో వాడిన ట్యాంకులన్నీ పట్టికలో అక్కర్లేదు, ఈ బల్ల మీద ఉన్నవి చాలు. పక్షానికి మూడు రకాల ట్యాంకులే పెడితే ఒక్కో కార్డు మీద మూడు శత్రు రకాలు, మూడు దూరాలు, ముందు-పక్క రెండు ముఖాలు: మొత్తం 18 అంకెలు. వెనుక భాగాన్ని పక్కతో కలిపేయొచ్చు. ఆ అంకెల్లోనే ఫిరంగి, కవచం, వాలు అన్నీ ఇమిడిపోయి ఉంటాయి. పైన కలపాల్సిన సవరణలు మూడు దాటకూడదు: కదిలి కాల్చడం, లక్ష్యం చాటున ఉండడం, సిబ్బంది నైపుణ్యం. నాలుగోది పెడితే దాన్ని కచ్చితంగా మరిచిపోతారు, మూడు వంతుల తర్వాత గుర్తొచ్చి తగువు మొదలవుతుంది.

ముందా, పక్కా?

ఒక టైగర్ బొమ్మ. దాని ముక్కుకు 35 డిగ్రీలు పక్కగా ఒక టీ-34. ఈ కాల్పు టైగర్ ముందు తగిలిందా, పక్కన తగిలిందా? బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉంటే మూడు సమాధానాలు వస్తాయి, మూడూ ఏదో ఒక నియమావళిలో ఉన్నవే.

మొదటి పద్ధతిలో హల్ నడిమి నుంచి నాలుగు మూలలకూ గీతలు గీస్తారు. టైగర్ హల్ పొడవు సుమారు 6.3 మీటర్లు, వెడల్పు 3.7. ఆ మూలల మధ్య ముందు వైపు పడే కోణం దాదాపు 60 డిగ్రీలు. ఇంకా సన్నని టీ-34కు 52 డిగ్రీలే. రెండో పద్ధతిలో బొమ్మ ఆకారంతో పని లేకుండా 45 డిగ్రీల శిలువ గీస్తారు, ముందు కోణం 90. మూడో పద్ధతిలో ముందు అంచును రెండు వైపులా పొడిగిస్తారు. ఆ గీతకు ముందున్నవాళ్లందరూ ముందు భాగాన్నే కొట్టినట్టు, అంటే 180 డిగ్రీలు. మన టీ-34 మొదటి పద్ధతిలో పక్కను కొట్టింది, మిగతా రెంట్లో ముందును కొట్టింది.

ఏది వాస్తవానికి దగ్గర? లెక్క వేసి చూద్దాం. ముక్కుకు 35 డిగ్రీల నుంచి వచ్చే గుండు పక్క పలకను లంబానికి 55 డిగ్రీల ఏటవాలుగా తాకుతుంది. 80 మి.మీ. పలక ఆ కోణంలో 139 మి.మీ.తో సమానం. అదే గుండు ముందు పలకకు తగిలితే 122 మాత్రమే. అంటే ఆ కోణంలో పక్క భాగమే గట్టిగా ఉంది. 45 డిగ్రీల దగ్గర పక్క 113, ముందు 141. 60 డిగ్రీల దగ్గర పక్క 92కి పడిపోతుంది. బలహీనత మొదలయ్యేది 45 డిగ్రీల చుట్టుపక్కలే. శత్రువుకు నేరుగా ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా నిలబడమని జర్మన్లు టైగర్ సిబ్బందికి నేర్పింది కూడా ఇందుకే. మూలల పద్ధతి ఆ తెలివికి శిక్ష వేస్తుంది. మూడో పద్ధతిలో పక్కకు చేరడం దాదాపు అసాధ్యం. 45 డిగ్రీల శిలువే న్యాయమైనది, చెప్పడానికీ తేలిక.

పది సెంటీమీటర్ల చదరపు పారదర్శక ప్లాస్టిక్ ముక్క మీద శిలువ గీసి, ప్రతి జంట ఆటగాళ్లకూ ఒకటి ఇవ్వాలి. నడిమి చుక్కను హల్ నడిమి మీద పెట్టి, కాల్చే ట్యాంకు టరెట్ నడిమి ఏ భాగంలో పడిందో చూస్తే చాలు. గీత మీద పడితే లక్ష్యంగా ఉన్నవాడికి అనుకూలంగా తేల్చాలి. ఈ ఒక్క వాక్యం కార్డు మీద ఉంటే రోజంతా వచ్చే తగువుల్లో సగం పుట్టవు.

వంతుల వరస

ఒక పక్షం మొత్తం కదిలి కాల్చాక రెండో పక్షం అన్న పద్ధతిలో నలుగురు ఊరికే కూర్చుంటారు. వాళ్లు ఫోను తీస్తారు, పక్క బల్ల చూడ్డానికి వెళ్తారు. పైగా ఆ పద్ధతిలో ఒక ట్యాంకు చెట్ల చాటు నుంచి బయల్దేరి బట్టబయలును దాటి ఇంటి చాటుకు చేరినా ఎవరూ కాల్చలేరు. దాన్ని సరిదిద్దడానికి మధ్యలో అడ్డుపడి కాల్చే నియమం పెడితే, ప్రతి కదలికకూ "ఆగు, ఇక్కడ కాలుస్తా" అన్న అరుపులు మొదలవుతాయి. కార్డులు తీసి ఒక్కో ప్లటూన్‌ను (కొన్ని ట్యాంకుల జట్టును) నడిపే పద్ధతి ఉత్కంఠగా ఉంటుంది, కానీ ఎనిమిది మందిలో ఒకరు ఆడుతుంటే ఏడుగురు చూస్తుంటారు.

కన్వెన్షన్‌కు సరిపోయేది ఇది. ముందు కదలిక: రెండు పక్షాలూ ప్లటూన్ తర్వాత ప్లటూన్‌గా మార్చి మార్చి కదులుతాయి. తర్వాత కాల్పులు: కదలకుండా నిలబడినవి ముందు, కదిలినవి తర్వాత. ఒక్కో దశలో కాల్పులన్నీ ఒకేసారి జరిగినట్టే లెక్క, ధ్వంసమైనవాటిని దశ ముగిశాకే తీస్తారు. నిలబడి కాచుకున్నవాడికి మొదటి గుండు దక్కుతుంది కాబట్టి మధ్యలో అడ్డుపడే నియమం అక్కర్లేదు. మరి ఒకే కదలికలో చాటు నుంచి చాటుకు దూకేవాడి సంగతి? దానికి నియమం వద్దు, నేల చాలు. కదలిక 8 అంగుళాలైతే, కీలకమైన చోట్ల చాటుకూ చాటుకూ మధ్య పది పన్నెండు అంగుళాల ఖాళీ ఉండేలా చెట్లు, ఇళ్లు పెట్టాలి.

అసలైన లాభం ఇంకోచోట ఉంది. 16 కాల్పులూ ఒక్క అంపైర్ గుండా పోతే అతనే ఇరుకు దారి. బల్లను నాలుగు జంటలుగా విడదీసి, ఎదురెదురుగా ఉన్నవాళ్లు తమ కాల్పులు తామే తేల్చుకుంటే జంటకు నాలుగు కాల్పులు, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. అంపైర్ తగువులకు, జంటలు దాటి జరిగే కాల్పులకు మాత్రమే. ఇది సాధ్యం కావాలంటే కార్డు తనంతట తానే అర్థమయ్యేలా ఉండాలి. పైన చెప్పిన కుదింపంతా ఇందుకోసమే.

శత్రువును కనిపెట్టడానికి ఒకే వాక్యం: బయట కదిలినవి, కాల్చినవి అందరికీ కనిపిస్తాయి. అడవిలో కదలకుండా ఉన్నవి 12 అంగుళాల లోపలే కనిపిస్తాయి. సైన్యాల మధ్య తేడాలు కూడా ఇలా ఒక్కో వాక్యంలోనే రావాలి. టీ-34 76 మి.మీ. రకంలో టరెట్‌లో ఇద్దరే, కమాండరే గురి కూడా చూసుకోవాలి. కాబట్టి వాళ్లు తమ దశలో చివర కాలుస్తారు. 1941 సోవియట్ ప్లటూన్లలో చాలా ట్యాంకులకు రేడియో లేదు. కాబట్టి నాయకుడికి ఆరంగుళాల లోపల ఉండాలి. పాచిక లేదు, పట్టిక లేదు, అయినా ఆటగాడికి తేడా చేతికి తెలుస్తుంది.

ఏ యుద్ధం పెట్టాలి

1943 జులై 12న జర్మన్, సోవియట్ ట్యాంకులు తలపడ్డ ప్రొఖొరోవ్కా పేరు అందరికీ తెలుసు, అందుకే అందరూ పెట్టాలనుకుంటారు. వందల ట్యాంకుల యుద్ధాన్ని ఆరడుగుల బల్ల మీదికి తెస్తే బొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. పెట్టదలిస్తే సోవియట్ ట్యాంకులు తమ సొంత ట్యాంకు నిరోధక కందకం దగ్గర చిక్కుకున్న చోటు లాంటి ఒక చిన్న ముక్కను తీసుకోవాలి. అక్కడి జర్మన్ కోర్‌లో (కొన్ని డివిజన్లు కలిసిన దళంలో) పాంథర్లు లేవు, టైగర్లు చాలా కొద్ది. అందంగా ఉన్నాయని పాంథర్లు పెడితే తెలిసినవాళ్లు మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు.

1944 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని అరకోర్ దగ్గర జరిగిన పోరు కన్వెన్షన్ బల్లకు అమిరినట్టుంటుంది. సెప్టెంబర్ 19న జర్మన్ 113వ పాంజర్ బ్రిగేడ్ పాంథర్లు దట్టమైన పొగమంచులో అమెరికా 4వ ఆర్మర్డ్ డివిజన్ మీదికి వచ్చాయి. పొగమంచు వల్ల పాంథర్ల దూరపు ఫిరంగి బలం పనికిరాకుండా పోయింది. దగ్గరి పోరులో షెర్మన్ టరెట్ చురుగ్గా తిరగడం, పక్కలకు చేరగలగడం లెక్కకు వచ్చాయి. ముందు నుంచి 140, పక్క నుంచి 40, 50 మి.మీ. మాత్రమే ఉండే పాంథర్‌ను ఎలా ఎదుర్కోవాలన్నది అమెరికన్ ఆటగాడికి నిజమైన ప్రశ్న.

బల్ల మీద ఇది ఇలా అమరుతుంది. నలుగురు జర్మన్ ఆటగాళ్లకు 16 పాంథర్లు. నలుగురు అమెరికన్లకు 12 షెర్మన్లు, నాలుగు ఎం18 ట్యాంకు డిస్ట్రాయర్లు (శత్రు ట్యాంకులను కొట్టడానికే చేసిన వాహనాలు). చూపు మేర 12 అంగుళాలు, అంటే 300 మీటర్లు. ఐదో వంతు నుంచి పాచిక వేస్తారు, సగం అవకాశంతో పొగమంచు కాస్త కాస్తగా విడిపోయి చూపు ఆరంగుళాల చొప్పున పెరుగుతుంది. అందువల్ల అమెరికన్లకు తొందర, జర్మన్లకు ఓపిక పట్టాలన్న ఆశ. జర్మన్లు ఊరికే కూర్చోకుండా ఉండడానికి అవతలి అంచు దాటించిన ప్రతి పాంథర్‌కూ పాయింట్లు ఇవ్వాలి. నాలుగడుగుల వెడల్పు బల్లకు రెండు వైపులా ఎనిమిదంగుళాల మోహరింపు జాగా పెడితే ముందు వరసల మధ్య 32 అంగుళాలు మిగులుతాయి. ఇద్దరూ ఎనిమిదేసి కదిలితే మొదటి వంతు చివర 16, ఇంకా ఎవరూ కనిపించరు. రెండో వంతులో మొదటి గుండు పేలుతుంది. మూడో వంతు దాకా కాల్పులు లేని ఆటను కన్వెన్షన్‌లో పెట్టకూడదు.

ఇంకో రెండు మాటలు. అదనపు బలగాలతో తర్వాత వచ్చే పాత్రను ఏ ఆటగాడికీ ఇవ్వొద్దు, అతను గంటసేపు నిలబడి చూడ్డానికి రాలేదు. ట్యాంకులన్నీ పోయినవాడికి తర్వాతి వంతులో అంచు నుంచి రెండు ట్యాంకులు ఇవ్వాలి, పాయింట్ల లెక్కలో మాత్రం పోయినవి పోయినట్టే. శతఘ్నులు, విమానాలు పెట్టాలనిపిస్తుంది. ఒక్కోటి వంతుకు ఐదు నిమిషాలు తింటుంది కాబట్టి, సన్నివేశానికి అవి తప్పనిసరి కాకపోతే వదిలేయడమే మంచిది.

బొమ్మలు

ఆటగాళ్లు ట్యాంకును టరెట్ పట్టుకుని ఎత్తుతారు, ఫిరంగి పట్టుకుని తిప్పుతారు. మెటల్ ఫిరంగి వంగుతుంది, ప్లాస్టిక్‌ది విరుగుతుంది. టరెట్, హల్ లోపల మూడు మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు అతికిస్తే టరెట్ ఊడి కింద పడదు. అతికించే ముందు ఏ ముఖం పైకి ఉండాలో మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి, ఒకటి తిరగబడితే టరెట్ ఎగిరి పడుతుంది. బొమ్మను రెండు మి.మీ. మందం ప్లాస్టిక్ అడుగు మీద నిలిపితే దాన్ని పట్టుకునే ఎత్తుతారు. అడుగు వెనుక అంచున ట్యాంకు పేరు, ప్లటూన్ రంగు, సంఖ్య ఉన్న చీటీ అతికించాలి. అడుగు కింద అయస్కాంత షీటు వేసి, ఇనుప రేకు పరిచిన పెట్టెలో పెడితే ప్రయాణంలో కదలవు.

పాచికలు ట్రేలోనే వేయించాలి. చెట్ల మధ్య పడినవి పక్కకు ఒరుగుతాయి, మళ్లీ వేయాలా వద్దా అన్న వాదన వస్తుంది. పెద్ద పాచిక తగిలితే ఫిరంగులూ విరుగుతాయి. కొండలు వాలుగా కాకుండా మెట్లుగా ఉంటే బొమ్మలు జారవు, చూపు రేఖ తేల్చడమూ తేలిక. ధ్వంసమైన ట్యాంకు మీద నల్లరంగు వేసిన దూది పెట్టాలి. అది చూడ్డానికి బాగుండడమే కాదు, ఏది బతికుందో దూరం నుంచే తెలుస్తుంది.

ఆట రోజు

ఒక వారం ముందు, ఇద్దరే అయినా సరే, పూర్తి 32 ట్యాంకులతో మూడు వంతులు స్టాప్‌వాచ్ పెట్టి ఆడి చూడాలి. నాలుగైదు ట్యాంకులతో చేసిన పరీక్ష మోసం చేస్తుంది. రెండో వంతుకు పట్టిన సమయాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే కొత్తవాళ్లకు పట్టేది వస్తుంది.

వివరణ పది నిమిషాలు దాటకూడదు. కార్డు చేతికిచ్చి, ఒక టైగరో పాంథరో తీసుకుని, ఒక కాల్పును మొదటి నుంచి చివరి దాకా అందరి ముందూ చేసి చూపిస్తే నియమాల్లో ముప్పాతిక వంతు అర్థమైపోతుంది. మిగతావి వచ్చినప్పుడు చెప్పొచ్చు. తెలిసినవాళ్లనూ కొత్తవాళ్లనూ ఒకే పక్షంలో కలిపి కూర్చోబెట్టాలి, అందరు తెలిసినవాళ్లూ ఒకవైపు చేరితే ఆట రెండు గంటల్లో ముగుస్తుంది.

మొదటి గంటన్నరలో అనుకున్న వంతులు జరగకపోతే ఏం తీసేయాలో ముందే రాసుకోవాలి. మొదట ధైర్య పరీక్ష: పాచిక మానేసి, సగం ట్యాంకులు పోయిన ప్లటూన్ ఒక వంతు వెనక్కి తగ్గుతుందని చెప్పేయడం. తర్వాత కనిపెట్టే నియమం: చూపు మేర లోపల ఉన్నవన్నీ కనిపిస్తాయని. గురి, కవచం అంకెలను మాత్రం మధ్యలో ముట్టుకోకూడదు, అప్పటిదాకా ఆడినవాళ్లకు అన్యాయం జరుగుతుంది. చివరి వంతు ఏదో అది మొదలయ్యే ముందే, పాయింట్లు ఎలా ఉన్నాయో చదివి వినిపించి చెప్పాలి. అప్పుడు అంచుకు ఎనిమిదంగుళాల దూరంలో ఉన్న పాంథర్ ఆటగాడు ఆగి కాల్చాలా, దాటి పోవాలా అన్నది తెలిసి నిర్ణయించుకుంటాడు.